పొద్దున్న 5.52

షెర్లాక్ హోమ్స్‌కి మన గోదావరి లంకలు తెలుసు. 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో ఆయన తన విద్య గురించి గొప్పలు పోతూ, బూడిద చూసి అది ఏ పొగాకుదో చెప్పేస్తానంటాడు. అప్పుడు ఆయన నోటికొచ్చిన పేర్లలో 'లంకా' చుట్ట ఒకటి. హంతకుడు అది కాల్చేవాడని తేలితే వెతుకులాట చాలా తగ్గిపోతుందని ఆయన ధీమా. ఆ పేరు మన నది మధ్య లంకల నుంచి వెళ్లిందే. వరద తీశాక మిగిలిన ఒండ్రు మీద పెరిగిన ఆకును ఆరబెట్టి, మగ్గబెట్టి, చుట్ట చుడితే అది ఓడెక్కి లండన్ దాకా పోయింది. అక్కడ హంతకుల్ని పట్టించిందేమో గానీ, ఇక్కడ మన అరుగుల మీద అదే చుట్ట ఎంతమందిని చంపిందో ఏ డిటెక్టివూ వెతకలేదు.

పొగాకుతో మన చుట్టరికం అంత పాతది. గురజాడ గిరీశం చేత పొగ మహిమ మీద పద్యమే చదివించాడు. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లో వెలిసింది రాజమండ్రిలోనే. ఆ సంస్థకి ఈమధ్యే పేరు మార్చి 'వాణిజ్య వ్యవసాయ' పరిశోధన సంస్థ అన్నారు. పొగాకు అన్న మాటను బోర్డు మీద మానెయ్యడానికి ఒక సంస్థకే డెబ్బై ఏళ్ల పైన పట్టింది. ఇక మనుషుల మాట చెప్పాలా?

మా పెదనాన్న లంక చుట్ట మనిషి. భోజనం కాగానే అరుగు మీద కూర్చుని, ఆకు ఈనె తీసి, తడిచేత్తో నిమిరి, తొడమీద పెట్టి చుట్టేవాడు. ఒక్క చుట్ట గంటసేపు ఆయనతో కబుర్లాడేది. ఆరిపోతే చెవి మీద పెట్టుకుని మళ్లీ సాయంత్రం వెలిగించేవాడు. మా తరానికి అంత తీరిక లేదు, సిగరెట్టు వచ్చింది. మా బావ మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో గుమాస్తా. రెండేళ్ల కిందట గుండె పట్టేసి స్టెంట్ వేశారు. పక్కన నేనూ ఉన్నాను. "రోజుకి ఎన్ని కాలుస్తారండీ?" అని డాక్టరుగారు అడిగితే బావ నేలచూపులు చూస్తూ, "నాలుగండి. మహా అయితే అయిదు. ఆయ్, మానేస్తానండి" అన్నాడు. మానేస్తానన్న మాట అన్నప్పుడు అబద్ధం కాదు. ఆసుపత్రి గేటు దాటాక అబద్ధమైంది.

ఎందుకైందో చూద్దాం. చుట్ట పొగకి క్షార గుణం ఎక్కువ. గుండెల నిండా పీల్చకపోయినా బుగ్గల లోపలి పొరల్లోంచే నికోటిన్ రక్తంలోకి నిదానంగా దిగుతుంది. పెదనాన్న గంటసేపు కూర్చున్నది అందుకే. సిగరెట్టు పొగ అలా కాదు. దానికి ఆమ్ల గుణం, నోట్లో పట్టుకుంటే పెద్దగా పని జరగదు. ఊపిరితిత్తుల్లోకి లాగాలి. లాగితే పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడులో ఉంటుంది. అక్కడ డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది, మనిషికి హాయి తగులుతుంది. సిగరెట్టుకి పది దమ్ములనుకుంటే, రోజుకి పది సిగరెట్ల మనిషి మెదడుకి నూరుసార్లు బెల్లం ముక్క పెట్టినట్టు. ఏ మావటీ ఏనుగుకి అంత శ్రద్ధగా శిక్షణ ఇవ్వడు.

రక్తంలో నికోటిన్ దాదాపు రెండు గంటలకోసారి సగానికి పడిపోతుంది. పడుకుని లేచేసరికి ఖజానా దాదాపు ఖాళీ. పొద్దున్న కాఫీ కంటే ముందు చెయ్యి అగ్గిపెట్టె వెతుక్కునేది అందుకే. మానేసిన మొదటి మూడు రోజులు మహా గడ్డుగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో బాధ మెల్లగా సద్దుమణుగుతుంది. అయితే ఆ బాధ రోజంతా ఒకే తీరున ఉండదు. కెరటంలా లేస్తుంది, మూడు నాలుగు నిమిషాలు ఊపేస్తుంది, విరిగిపోతుంది. మళ్లీ ఇంకోటి. ఓపిక పట్టాల్సింది జీవితమంతా కాదు, ఆ మూడు నిమిషాలు. చిక్కేమిటంటే ఆ మూడు నిమిషాల్లో రోగి డాక్టరు ఎదుట ఉండడు, బడ్డీ కొట్టు ఎదుట ఉంటాడు. డాక్టరు పక్కన లేడు. భార్య పక్కన లేదు, ఉన్నా ఆవిడ మాట అప్పుడు ఎక్కదు. ఫోను మాత్రం జేబులో ఉంది.

బ్రిటన్‌లో కొందరు ఈ ఆలోచనను తూకం వేసి చూశారు. 5,800 మంది పొగతాగేవాళ్లను తీసుకుని, సగం మందికి మానడానికి సాయపడే మెసేజ్‌లు, తక్కిన సగానికి పొగతో సంబంధం లేని మెసేజ్‌లు పంపారు. మెసేజ్ అంటే మామూలు ఎస్సెమ్మెస్సే, బొమ్మల్లేవు, పాటల్లేవు. ఇందులో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. నాలుక పీకేస్తున్నప్పుడు 'క్రేవ్' అని ఒక్క మాట కొట్టి పంపితే, ఆ క్షణానికి పనికొచ్చే జవాబు వెంటనే వచ్చేది. నిగ్రహం తప్పి ఒకటి కాల్చేస్తే 'ల్యాప్స్' అని పంపొచ్చు. దానికీ జవాబుంటుంది, తిట్లుండవు. ఆరు నెలలయ్యాక మానేశామన్నవాళ్ల మాట ఊరికే నమ్మలేదు, లాలాజలంలో కోటినిన్ అనే గుర్తును పరీక్షించారు. సాయం అందినవాళ్లలో 10.7 శాతం, అందనివాళ్లలో 4.9 శాతం నిజంగా మానేశారు. 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ఇది.

వందలో పది మందేనా అని పెదవి విరవకండి. ఏ సాయమూ లేకుండా పట్టుదల మీద మానదామనుకున్నవాళ్లలో ఏడాదికి నిలబడేది వందకి ముగ్గురో, అయిదుగురో.

2019 నాటికి ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి కాక్రేన్ సంస్థ లెక్క తీసింది. ఊరికే నాలుగు మాటలు చెప్పి పంపడం కంటే మెసేజ్‌లు ఒకటిన్నర రెట్లు మెరుగని తేలింది. స్మార్ట్‌ఫోన్ యాప్‌లు మాత్రం ఆ లెక్కలో ఏమీ మెరుగు చూపించలేకపోయాయి. రంగురంగుల గ్రాఫులు, మిగిలిన డబ్బు లెక్క, కోలుకుంటున్న ఊపిరితిత్తుల బొమ్మ ఇన్ని ఉన్న యాప్ ఓడిపోయింది, మొండి ఎస్సెమ్మెస్ గెలిచింది. నాకు తోచిన కారణం ఒక్కటే: యాప్ దగ్గరికి మనం వెళ్లాలి, మెసేజ్ మన దగ్గరికి వస్తుంది. కెరటం లేచినప్పుడు మనిషి ఎక్కడికీ వెళ్లడు, బడ్డీ కొట్టుకి తప్ప.

మన దేశం ఈ సూత్రానికి తనదైన ముడి వేసింది: మిస్డ్ కాల్. పైసా ఖర్చు కాకుండా 'నేనొచ్చాను', 'గేదెకి మేత వేశావా', 'తిరిగి చెయ్యి' అన్న మాటలన్నీ ఒక్క రింగుతో చెప్పుకున్న జాతి మనది. 2016 జనవరిలో కేంద్ర ఆరోగ్యశాఖ, టెలికాం శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 'ఎమ్ సెసేషన్' అనే పథకం పెట్టాయి. 011-22901701కి మిస్డ్ కాల్ ఇస్తే నెలల తరబడి మెసేజ్‌లు వస్తాయి. ఏడాది తిరిగేసరికి 20 లక్షల మందికి పైగా నమోదయ్యారు. ఆరు నెలల తర్వాత అడిగితే మానేశామన్నవాళ్లు సుమారు 7 శాతం. ఇది నోటి మాట లెక్కే, లాలాజలం పరీక్షించలేదు. మా బావ డాక్టరుతో అన్న మాటలాంటివి అందులో కొన్ని ఉండకపోవు. అయినా ఈ దేశంలో ఒక్క శాతమన్నా ఎన్ని కుటుంబాలో ఆలోచించండి. 2016-17 సర్వేలో పొగతాగే పెద్దవాళ్లు దేశంలో వందకి 10.7 మంది ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 14.2 మంది తేలారు.

మెసేజ్ మాట వినదు, చెబుతుందంతే. వినేవాళ్లు కావాలంటే 2016లోనే ఢిల్లీ వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైన క్విట్‌లైన్ ఉంది: 1800-11-2356, ఉచితం. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌లో కూడా కేంద్రం పెట్టాక దక్షిణాది భాషలవాళ్లకి తేలికైంది. తెలుగులో మాట్లాడొచ్చు. ఫలానా రోజు మానేస్తానని తేదీ పెట్టుకున్నవాళ్లకి వాళ్లే తిరిగి ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతారు. ఈమధ్య మరమనుషులూ వచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 'ఫ్లోరెన్స్' అని తెర మీద మాట్లాడే బొమ్మ సలహాదారును పెట్టింది. ఎన్నిసార్లు మళ్లీ కాల్చానని చెప్పినా దానికి విసుగు రాదు. ఇంట్లోవాళ్లకి లేని గుణం అదొక్కటీ దానికుంది.

ఇక మన డెల్టాలోనే జరిగిన సంగతికి వస్తాను. 2004 ప్రాంతంలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్ కలిసి గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఏడాదిపాటు జరిగిన ప్రతి చావుకీ కారణం కనుక్కున్నారు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, చనిపోయే ముందు ఏమేం కనిపించాయో అడిగి రాసుకున్నారు. మొత్తం 1,354 మరణాలు. పల్లెటూళ్లలో జనం జ్వరాలతో, వాంతులూ విరేచనాలతో పోతారనే అందరి ఊహ. తీరా చూస్తే మూడోవంతుకి దగ్గరగా, 32 శాతం, గుండెజబ్బులూ పక్షవాతమే. బియ్యం, చేపలు, కొబ్బరి, డబ్బు అన్నీ దండిగా పండే నేల పట్నం జబ్బులు కూడా ముందే పండించుకుంది.

దాని తర్వాతి అడుగు టాబ్లెట్. మింగేది కాదు, చేత్తో పట్టుకునేది. ముందు 11 పల్లెల్లో సరిచూసుకుని, ఆపైన పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల కింది 54 పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి 'స్మార్ట్‌హెల్త్' టాబ్లెట్లు ఇచ్చారు. నలభై దాటినవాళ్ల ఇంటికి వెళ్లి, బీపీ చూసి, షుగరు అడిగి, పొగ తాగుతారా అని అడిగి, ఆ వివరాలు ఎక్కిస్తే వచ్చే పదేళ్లలో గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశం ఎంతో అది లెక్కకట్టి చెబుతుంది.

ఆ లెక్కకి మూలమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక కాగితం మీద కూడా దొరుకుతుంది. ఒకసారి దానిమీద వేలు పెట్టి చూడండి. చిన్న చిన్న గళ్లు, ఆకుపచ్చ నుంచి పసుపు, నారింజ, ఎరుపు, ముదురెరుపు దాకా రంగులు. మగవాళ్లకి ఒక భాగం, ఆడవాళ్లకి ఒక భాగం. ప్రతి భాగంలో మళ్లీ రెండు నిలువు వరసలు పక్కపక్కన: పొగతాగనివాళ్లది ఒకటి, తాగేవాళ్లది ఒకటి. మీ వయసు దగ్గర, మీ బీపీ దగ్గర వేలు ఆపి, ఒక వరస నుంచి పక్క వరసకి జరపండి. గళ్ల రంగులు ముదురుతుంటాయి. వయసు వరస పైకి జరక్కుండా ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ పట్టికలో మందూ మాకూ లేకుండా మన చేతిమీదుగా మార్చుకోగలిగిన గడి పొగ. గుండెజబ్బు వచ్చాక మానినా దారి మూసుకుపోదు. అలా మానినవాళ్లలో మరణాలు మూడోవంతుకి పైగా తక్కువని 2003లో ఎన్నో అధ్యయనాలు కలిపి చూసిన లెక్క చెప్పింది.

మరి ఆ 54 పల్లెల్లో ఏమైంది? 2019లో ఫలితం ప్రచురించారు. టాబ్లెట్ వచ్చిన పల్లెలకీ ఇంకా రాని పల్లెలకీ బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. దీన్ని దాచకుండా రాసినవాళ్లంటే నాకు గౌరవం. ఎరుపు గడి చూపించడం ఒక ఎత్తు. ఆ మనిషి మర్నాడు పనికూలి వదులుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం, అక్కడ డాక్టరు ఉండటం, మందు ఉండటం, నెలనెలా తెచ్చుకుని మింగడం ఇంకో ఎత్తు. యంత్రం మొదటి ఎత్తు ఎక్కించగలదు. రెండోది ఎక్కించాల్సినవాళ్లు వేరే. దూరవైద్యం కొంత దారి చూపుతోంది. ఈ-సంజీవనిలో పల్లె కేంద్రాల నుంచి డాక్టరుతో తెర మీద మాట్లాడే పద్ధతిని 2019 నవంబరులో దేశంలో మొదట మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే. ఆ తెర మీది డాక్టరు చివర్లో పొగ సంగతి ఒక్క రెండు నిమిషాలు మాట్లాడినా వృథా కాదు. 1979లో లండన్‌లో రస్సెల్ అనే వైద్యుడు చేసిన ప్రయోగంలో మామూలు డాక్టర్లు రెండు నిమిషాలు గట్టిగా చెప్పి, కరపత్రం ఇచ్చి, మళ్లీ అడుగుతామని హెచ్చరిస్తే ఏడాదికి మానేసినవాళ్లు 0.3 శాతం నుంచి 5.1 శాతానికి పెరిగారు. అందులో 'మళ్లీ అడుగుతాం' అన్న మాట దగ్గరే ఉంది కిటుకు. డాక్టరు మరిచిపోతాడు, ఫోను మరిచిపోదు.

రోగికి తన సంగతి తనకే అంకెల్లో చూపించడం ఇంకో మార్గం. పొగ మాన్పించే కేంద్రాల్లో చేతిలో ఇమిడే చిన్న మిషను ఒకటుంటుంది. ఊపిరి బిగబట్టి గొట్టంలోకి నిదానంగా ఊదితే, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో తెర మీద అంకె పడుతుంది. పొగతాగనివాళ్లకి అయిదారు లోపు, మంచి జోరు మీదున్నవాళ్లకి ఇరవై, ముప్పై. ఆ వాయువు రక్తంలో అయిదారు గంటలకి సగమవుతుంది. అంటే రెండు రోజులు ఆగి ఊదితే అంకె మామూలు మనిషి అంకె. క్యాన్సర్ భయం ఇరవై ఏళ్ల తర్వాతి మాట. ఇది ఎల్లుండికే కనిపించే బహుమతి. అమెరికాలో ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని ఈ మిషన్లోకి ఊది ఆ వీడియో పంపితే, అంకె తగ్గినందుకు డబ్బిచ్చిన ప్రయోగాలు కూడా జరిగాయి.

ఇంకో ప్రయోగం చెప్పకుండా ఉండలేను. ఇంగ్లండ్‌లో 561 మంది చేత ఊపిరితిత్తుల పరీక్ష చేయించారు. సగం మందికి ఫలితం వైద్యుల అంకెల్లో చెప్పారు. తక్కిన సగానికి 'మీ ఊపిరితిత్తులు ఫలానా వయసు ఆరోగ్యవంతుడివి' అని చెప్పారు. అంటే యాభై ఏళ్ల మనిషికి డెబ్బై ఏళ్ల ఊపిరితిత్తులన్నమాట. ఏడాది తర్వాత చూస్తే మొదటివాళ్లలో 6.4 శాతం, రెండోవాళ్లలో 13.6 శాతం మానేశారు. మిషను ఒకటే, పరీక్ష ఒకటే. మారింది చెప్పిన తీరు.

ఫోను అందనివాళ్ల మాటేమిటి? ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖ వైపు, పెద్దవయసు ఆడవాళ్లు నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అంటారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిటికి తగులుతాయి. ఫాలీ మెహతా, డెన్మార్క్ నుంచి వచ్చిన జెన్స్ పిండ్‌బోర్గ్, వాళ్ల బృందం 10,169 మంది పల్లెవాసుల నోళ్లు చూసి దానివల్ల అంగిట్లో వచ్చే మచ్చల గురించి 1971లో రాశారు. ఆ అవ్వలకి తెలుగు మెసేజ్ పంపితే ఎవరు చదవాలి? ఆంధ్రప్రదేశ్‌లో తమ చేతిలో వాడుకోడానికి సొంత ఫోనున్న ఆడవాళ్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి సుమారు సగం మందే. వాళ్లకి అక్షరం పనికిరాదు, గొంతు కావాలి. ఫోన్లే లేని రోజుల్లో శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మందికి మనుషులే ఎదురుగా కూర్చుని చెప్పారు, ప్రచార సాధనాలూ వాడారు. అయిదేళ్లకి మామూలుగా కంటే ఎక్కువమంది మానేశారు, నోటి మచ్చలు తగ్గాయి. 1986లో అదీ లాన్సెట్‌లోనే వచ్చింది.

మళ్లీ మా బావ దగ్గరికి. స్టెంట్ వేసిన ఆర్నెల్లకి వాళ్లింటికి వెళ్లాను. వీధి చివర బడ్డీ కొట్టులో టీ తాగుతూ నిలబడ్డాం. క్విట్‌లైన్ నంబరు 2018 నుంచి సిగరెట్ పెట్టెల మీద వేస్తున్నారు కదా, చూశావా అని అడిగాను. "పెట్టె ఎవడు కొంటాడ్రా, లూజే కదా" అన్నాడు. నిజమే. నంబరున్న పెట్టె కొట్టువాడి దగ్గరే ఉంటుంది, నంబరు లేని పుల్ల చేతికొస్తుంది. లంక పొగాకు కట్టకైతే పెట్టే లేదు, బొమ్మా లేదు. ఈలోగా ఎవరో స్కాన్ చేశారు, కొట్టువాడి డబ్బా "ఇరవై రూపాయలు అందాయి" అని అరిచింది.

అప్పుడు తట్టింది నాకు. "బావా, నీ ఫోన్ పే ఒకసారి తియ్యి" అన్నాను. పాత చెల్లింపుల పట్టీ తెరిచి, ఆ కొట్టువాడి పేరు నొక్కాం. బావ వేలితో కిందికి తోస్తూనే ఉన్నాడు. 20, 20, 30, 20. నిన్న ఒక్కరోజే తొమ్మిది వరసలు. అందులో టీకి పోయినవి రెండో మూడో ఉంటాయి. "నాలుగండి" అని డాక్టరుగారికి చెప్పిన మనిషి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "టైము కూడా వేస్తాడేంట్రా వీడు" అన్నాడు.

వేస్తాడు. నికోటిన్ బానిసత్వం కొలవడానికి ఫాగర్‌స్ట్రామ్ పేరు మీద ఆరు ప్రశ్నల పరీక్ష ఉంది. అందులో ఎన్ని కాలుస్తారన్నదానికి ఎంత బరువుందో, నిద్ర లేచాక మొదటిది ఎంతసేపటికి వెలిగిస్తారన్నదానికీ అంతే బరువుంది. అయిదు నిమిషాల్లో అయితే ఎక్కువ మార్కులు. బావ పట్టీలో ప్రతిరోజూ మొదటి వరస ఇంచుమించు ఒకే టైము చూపిస్తోంది: పొద్దున్న 5.52. అయిదున్నరకి లేస్తాడు, కొట్టు తెరిచేది ఆరింటికి పది నిమిషాల ముందు.

ఆ రాత్రి బావే క్విట్‌లైన్ నంబరు ఫోనులో వేసుకున్నాడు. అక్క అలారం పెట్టింది, అయిదూ నలభై అయిదుకి. అలారం పేరు ఏం పెట్టాలని అడిగితే తనే చెప్పాడు. "మిల్లు వైపు నుంచి తిరుగు" అని.

మిల్లు వైపు వీధిలో బడ్డీ కొట్టు లేదు.